ఎరుపు పోకుండా వండిన కూర

పాప బిబ్ మీద ఆ మరక మొదటిసారి చూసినప్పుడు పసుపు అనుకున్నాను. మా ఇంట్లో పసుపు అంటని గుడ్డ లేదు. కానీ పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇది ఎర్రబడలేదు, నారింజ రంగులో అలాగే ఉండిపోయింది. వాసన చూశాను. కొంచెం పొగ, కొంచెం ఎండు చేప, వాటి వెనక నాకు పేరు తెలియని ఇంకేదో. పాప అరచేతి గీతల్లోనూ అదే రంగు.

నేను పొద్దున కట్టి పంపిన పప్పన్నం మాత్రం డబ్బాలో పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది.

అప్పటికి పాపకి ఇరవై నెలలు. అంతకు ముందు వారమే పిల్లల డాక్టర్ కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. పాప బరువు గీత అది. పైకి పోవాల్సిన గీత కొన్ని నెలలుగా అడ్డంగా పోతోంది. కంగారు పడొద్దు, రెండు నెలలు చూద్దాం, అప్పటికీ పెరగకపోతే స్పెషలిస్ట్ దగ్గరికి పంపుతాను, కొన్ని పరీక్షలు చేస్తారు అంది. కంగారు పడొద్దు అన్న మాట తప్ప మిగతావన్నీ నాకు బాగా వినబడ్డాయి. ఇంటికొచ్చి ఆ పరీక్షలేమిటో వెతికాను. ముక్కులోంచి సన్నటి గొట్టం వేయించుకున్న ఎవరో బిడ్డ ఫొటో కనబడింది. ఫోన్ మూసేశాను గాని ఆ ఫొటో మూసుకోలేదు.

ఆ రోజే ఒక నోట్‌బుక్ కొన్నాను. పాప తిన్న ప్రతి ముద్దా అందులో రాసేదాన్ని. "ఇడ్లీ పావు ముక్క. ఉమ్మేసింది." "పెరుగన్నం నాలుగు ముద్దలు, వీడియోలో మూడో పాట అయ్యేసరికి." "అరటిపండు నమిలింది, మింగలేదు." పాప పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇప్పుడు ఇది రాస్తున్నదీ ఆ నోట్‌బుక్‌లోనే, వెనక పేజీల నుంచి ముందుకి.

మా ఆయన డేటా సెంటర్లో పనిచేస్తాడు. ఒకరోజు నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏంటిది, లాగ్ ఫైలా? ఎర్రర్లు తప్ప ఏం లేవు కదా ఇందులో" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వలేదు. తరవాత నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పేజీలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చదివాడని, కాఫీ చుక్క పడిన పేజీని బట్టి తెలిసింది.

పాపని పగలు చూసుకునేది మా వెనక వీధి టౌన్‌హౌస్‌లో ఉండే ఒక ఘనా ఆవిడ. వయసు అరవై పైనే. ఇరవై ఏళ్ళకు పైగా ఈ దేశంలో ఉంది, ఇంట్లోనే నలుగురు పిల్లల్ని లైసెన్స్ మీద చూసుకుంటుంది. అందరూ ఆవిణ్ణి ఆంటీ అంటారు, పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ కూడా. మొదట్లో ఇది మన దగ్గర అలవాటే కదా అనుకున్నాను. వాళ్ళ దేశంలోనూ పెద్దావిడని ఉత్త పేరు పెట్టి పిలవరట. ఆవిడ మాత్రం నన్ను మమ్మీ అంటుంది. పిల్లలకి తిండి ఎవరింటి నుంచి వాళ్ళే తెచ్చుకోవాలన్నది అక్కడి నియమం. ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది కూడా.

మర్నాడు పొద్దున పాపని దింపుతూ, నిన్న దీనికి ఏం పెట్టారని అడిగాను. ఆవిడ దాచలేదు. తన మధ్యాహ్నం భోజనంలోంచి పెట్టానంది. చేమాకు, పొగబెట్టిన చేప, పామాయిల్‌లో వండిన కూర, పక్కన ఉడికించిన పెండలం. మూడు రోజులుగా పాప తన డబ్బా వదిలేసి వచ్చి ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించి నోరు తెరుస్తోందట. మొదటిరోజు వేలు ముంచి నాకించిందట. రెండో రోజు పెండలం ముక్క. నిన్న అయితే గిన్నెలో చెయ్యి పెట్టి తనే తినేసిందట.

"నిన్ను ముందే అడగాల్సింది. తప్పు నాదే" అంది.

ఆవిడ చెప్పిన వాటిలో చేమాకు నాకు తెలుసు, పెండలం తెలుసు. చేప అంటే భయం లేదు, ఎండు రొయ్యలు వేసిన గోంగూర తిని పెరిగినదాన్నే. నన్ను పట్టుకున్న మాట ఒక్కటే, పామాయిల్.

ఆ మాట నాకు ఎలా వినబడుతుందో చెప్పాలి. మాది పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతం. మా ఊరి దారికి రెండు వైపులా పామాయిల్ తోటలే. ఆయిల్ పామ్ గెలల లోడుతో ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోతుంటే, గతుకుల దగ్గర ఎర్రటి పళ్ళు రాలేవి. బడికి పోతూ వాటిని కాలితో తన్నుకుంటూ పోయేవాళ్ళం. వాటిని తినొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఆ పళ్ళు ఫ్యాక్టరీకి పోయాక ఏమయ్యేవో గాని, రేషన్ షాపులో ప్యాకెట్లలో నీళ్ళలాంటి నూనె వచ్చేది. మా అమ్మ దాన్ని అప్పడాలు వేయించడానికి తప్ప వాడేది కాదు. మా నాన్నకి బీపీ వచ్చాక బిస్కెట్ ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. పామాయిల్ అని కనబడితే ప్యాకెట్ మళ్ళీ అరలో పెట్టేసేవాడు. ఆ నూనె నా కూతురి కడుపులోకి, నాకు చెప్పకుండా.

ఇకమీదట పెట్టొద్దన్నాను. గొంతు పెంచలేదు గాని, పెంచినంత పనీ చేశాను. నియమం కాగితం వైపు చూస్తూ అన్నాను.

"సరే మమ్మీ. బిడ్డ నీది" అంది ఆవిడ.

తరవాత రెండు వారాలు బిబ్‌లు తెల్లగా వచ్చాయి. డబ్బాలు నిండుగా వచ్చాయి. ఆదివారం ఆదివారం పాపని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తరవాత ఒక్కదాన్నే నిలబడి, తేడా రాసుకునేదాన్ని. మొదటి ఆదివారం తేడా మారలేదు. రెండో ఆదివారం కొంచెం తగ్గింది. తూకం తప్పేమోనని నేల మీద మూడు చోట్ల పెట్టి చూశాను.

ఆ మర్నాడు ఆఫీస్ తొందరగా అయిపోయి మధ్యాహ్నమే పాప కోసం వెళ్ళాను. తలుపు తీసిన ఆంటీ నోరు తుడుచుకుంటోంది. వంటింట్లో కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. స్టవ్ పక్క చిన్న బల్ల మీద సగం తిన్న గిన్నె ఉంది, దాని మీద ఒక పళ్ళెం మూసి ఉంది. పాప ఆ కుర్చీ కాలు పట్టుకుని నిలబడి పైకి చూస్తోంది. ఏడవడం లేదు, అడగడం లేదు. ఊరికే చూస్తోంది.

అలా గోడకేసి ఎందుకు తింటున్నారని అడిగాను.

"అది వచ్చి చూస్తుంది కదా. బిడ్డ చూస్తుంటే ఎలా తినను? పెట్టకుండా ఎలా ఉండను? నువ్వు వద్దన్నావు. అందుకని అటు తిరుగుతాను" అంది.

తన ఇంట్లో, తన వంటింట్లో, అరవై దాటిన మనిషి రెండు వారాలుగా దొంగలా గోడకేసి తింటోంది. నా బిడ్డ ఆకలిగా ఉందని ఆ రెండు వారాలూ ఆవిడకి తెలుసు. నాకు మాత్రం అది తినదనే తెలుసు.

ఆ కూరలోది నిజంగా ఏ నూనె అని అడిగాను. ఆవిడ అల్మారా తెరిచి ఒక గాజు సీసా తీసింది. అడుగున గడ్డకట్టి, పైన కారుతూ, ఆవకాయ మీద తేలే నూనె కన్నా ఎర్రగా ఉంది. అది మా ఊరి దారిలో రాలిన పళ్ళ రంగు. పాతికేళ్ళుగా ఆ పండునీ ఆ నూనెనీ కలిపి చూడలేదు నేను.

మా ఊళ్ళో ఈ చెట్లు ఎకరాలకి ఎకరాలున్నాయని చెప్పాను. ఆంటీ నమ్మలేదు. ఫోన్లో ఫొటో చూపించాను, మా బాబాయి తన తోటలో గెల పక్కన నిలబడి దిగినది.

"ఇంత పండిస్తారు, మరి తినరా?"

"ఫ్యాక్టరీకి పోతుంది ఆంటీ. తెల్లగా అయి ప్యాకెట్లో వస్తుంది."

ఆవిడ ఫొటో వంకే కాసేపు చూసింది. "మా చెట్టుని అంత దూరం తీసుకెళ్ళి, దాన్ని ఎలా తినాలో మాత్రం చెప్పలేదన్నమాట మీకు" అంది. వేళాకోళమే గాని, నిజంగానే జాలి పడినట్టుంది.

అయినా నేను నేనే కదా. వెంటనే సరే అనలేకపోయాను. డాక్టర్ ఆఫీసులో డైటీషియన్‌కి ఫోన్ చేసి పది ప్రశ్నలు అడిగాను, రాసుకుని మరీ. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. శుద్ధి చేయని ఎర్ర పామాయిల్లో ఉండే ఆ రంగు క్యారెట్‌లో ఉండే రంగు లాంటిదే, ఒంట్లోకి వెళ్ళాక విటమిన్ ఏ అవుతుంది. విటమిన్ ఈ కూడా ఉంటుంది. ఆకుకూరతో కలిపి వండితే ఆకులో ఉన్నది కూడా ఒంటికి బాగా పడుతుంది. శుద్ధి చేసి తెల్లబరిచిన నూనెలో ఆ రంగు ఉండదు, కొవ్వు మాత్రం ఉంటుంది. అలాగని ఎర్రది మందేమీ కాదు. వెన్న, నెయ్యిలా గడ్డకట్టే రకం కొవ్వు ఇందులోనూ ఎక్కువే, పెద్దవాళ్ళు చూసుకుని తినాలి. బరువు పెరగాల్సిన చిన్నపిల్లకి కూరలో ఒకటి రెండు చెంచాలైతే మంచిదే. ముళ్ళు చూసుకోండి, పొగబెట్టిన చేపలో ఉప్పు చూసుకోండి, ఆకు బాగా ఉడకనివ్వండి అంది. చివర్లో అడిగింది, మరి పాప ఇష్టంగా తింటోందా అని. నేను రాసుకున్న పది ప్రశ్నల్లో అది లేదు.

మర్నాడు ఆంటీకి చెప్పాను, పెట్టమని. నియమం ప్రకారం నా సంతకంతో కాగితం కూడా రాసిచ్చాను. ఆవిడ కాగితం మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, "శనివారం రా. నువ్వు నేర్చుకో. పాపకి ఇంట్లో కూడా ఉండాలి" అంది.

శనివారం పాపని తీసుకుని వెళ్ళాను. చేమాకు ఉడుకుతోంది. సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుందని ఆవిడ చెప్పబోతే, తెలుసన్నాను. మేమైతే చింతపండు వేస్తాం అన్నాను. ఆవిడ తలూపి, చింతపండు లేకపోతే ఓపిక వేయాలి అంది. ఆకు దొరకని రోజు పాలకూరతో చేస్తుందట. వాళ్ళమ్మ చేతుల్లో ఈ కూర ఎలా ఉండేదో వండుతూనే చెప్పింది. ఆ నూనె కోసం పామ్ పళ్ళు ఉడకబెట్టి, రోట్లో దంచి, గుజ్జు పిండి, నూనె పైకి తేలేదాకా ఉడికించడం రోజంతా పనట. పామ్ పళ్ళ గుజ్జుతో చేసే పులుసు వేరే ఉందట, కాన్పైన ఆడవాళ్ళకి అదే పెడతారట, పాలు పడతాయని, నడుం గట్టిపడుతుందని. మనం బాలింతకి వెల్లుల్లి కారం పెట్టినట్టు.

"నీకు కాన్పైనప్పుడు ఎవరు వండారు?" అని అడిగింది.

అమ్మ వీసా ఆలస్యమైంది, మా ఆయన వండాడని చెప్పాను. ప్యాకెట్ పొడితో చారు, నలభై రోజులు. చారు మంచిదే కదా అని కూడా అన్నాను, ఆయన్ని వెనకేసుకొస్తూ.

కూర దించాక ఆంటీ మొదటి గిన్నె పాపకి పెట్టలేదు. నా ముందు పెట్టింది. పాపకి పెట్టండి ముందు అన్నాను. "నువ్వు తిను. అది నిన్ను చూడాలి" అంది. చేప ముక్కని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి, ముల్లు లేదని చూసి నా గిన్నెలో వేసింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ వేసింది. పాప మా ఇద్దరి మధ్య కూర్చుని ఆ వేళ్ళనే చూస్తోంది. ఆకు మెత్తగా, ఆవిడ దంచి వేసిన పుచ్చగింజలు రవ్వలా తగులుతూ, నూనె నాలుక మీద బరువుగా, కొంచెం మట్టి వాసనగా ఉంది. మిరపకాయని కోయకుండా పైన తేల్చి తీసేసింది కాబట్టి కారం లేదు, కారం తాలూకు వాసన మాత్రం ఉంది. నేను ఎప్పుడు ఆఖరిసారి కూర్చుని, వేడిగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నానో గుర్తురాలేదు. సగంలో పాప నా గిన్నెలో చెయ్యి పెట్టింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆదివారం ఇంట్లో నేనే వండాను. అన్నీ ఆవిడ చెప్పినట్టే తెచ్చాను. మూకుడు పెట్టి, నూనె పోసి, ఆవాలు చిటపటలాడాలి కదా అని కాగనిచ్చాను. తెలుగింటి చెయ్యి అది, కూర అంటే ముందు పోపు. ఆవాలు పేలాయి, దానితోపాటు పొగ లేచింది, స్మోక్ అలారం మోగింది. మా ఆయన టవల్ పట్టుకుని అలారం కింద ఊపుతూ, "ఇప్పుడు లాగ్‌లో ఏం రాస్తావ్? సిస్టమ్ డౌన్ అనా?" అన్నాడు. ఈసారి నవ్వొచ్చింది. కానీ మూకుట్లోకి చూసేసరికి నూనెలో ఎరుపు లేదు. పల్చటి గడ్డి రంగు. రేషన్ ప్యాకెట్ నూనె నా స్టవ్ మీదే తయారైంది. పాప ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నన్ను ఒకసారి చూసి, బయటికి తీసి నా చేతిలో పెట్టింది.

సోమవారం ఆ కూరని చిన్న డబ్బాలో ఆంటీకి తీసుకెళ్ళాను. మూత తీసి చూసి, "ఎరుపు ఎక్కడికి పోయింది?" అంది. పోపు సంగతి చెప్పాను. ఆవిడ గోడకి ఆనుకుని మరీ నవ్వింది.

"ముందు నూనెని భయపెడతారా మీరు?"

"ఆవాలు పేలాలి కదా ఆంటీ."

"ఆవాలు పేలాయి. రంగు పారిపోయింది."

నవ్వు ఆగాక విడమరిచి చెప్పింది. కొన్ని వంటలకి వాళ్ళలోనూ కొందరు కావాలనే అలా కాచి తెల్లబరుస్తారట, ఈ కూరకి మాత్రం కూడదట. సన్నటి సెగ మీద ఉల్లిపాయ మెత్తబడితే చాలు, నూనె పొగ మొహం చూడకూడదు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. పోపు లేకుండా కూర దించడం ఇప్పటికీ నాకు తల దువ్వుకోకుండా బయటికి వెళ్ళినట్టే ఉంటుంది.

ఆ తరవాతి వారాలు అన్నీ సాఫీగా ఏమీ జరగలేదు. పళ్ళు వచ్చేటప్పుడు పాప నాలుగు రోజులు ఏదీ ముట్టలేదు. జలుబు చేసి మరో మూడు రోజులు. ఆ రోజుల్లో మళ్ళీ ఫోన్ తీసి ఆ గొట్టం వేసిన బిడ్డ ఫొటోనే చూసుకున్నాను. అయితే వీడియో పెట్టి వెనకాల తిరుగుతూ తినిపించడం మాత్రం మానేశాను. మానాలని కాదు. నేను కూడా తింటూ కూర్చుంటే లేచి తిరగడానికి కుదరదు, అంతే.

రెండు నెలలకి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు పాపని తూకం మీద పెట్టిన నర్సు చెయ్యి వంకే చూస్తూ నిలబడ్డాను. సంఖ్య చెప్పింది. నాకు వెంటనే అర్థం కాలేదు, ఔన్సులని నేను ఎప్పుడూ మనసులో గ్రాములు చేసుకోవాలి. మా ఆయన నా కన్నా ముందే లెక్క కట్టేసి నా మోచెయ్యి పట్టుకున్నాడు. నాలుగు వందల గ్రాములు పెరిగింది. డాక్టర్ స్క్రీన్ తిప్పింది. గీత చివర చిన్నగా పైకి లేచింది. పరీక్షలు ఇప్పుడు అక్కర్లేదు, మూడు నెలల తరవాత చూద్దాం అంది. ఏం మార్చారని అడిగింది. ఎర్ర నూనె అందామనుకున్నాను. అది అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు. కలిసి తింటున్నామని చెప్పాను.

అక్కడి నుంచి నేరుగా ఆంటీ ఇంటికే వెళ్ళాం. భోజనాల వేళ. ఆవిడ సంఖ్య అడగలేదు, నా మొహం చూసి లోపలికి రమ్మంది. చేతులు కడుక్కునే నీళ్ళ గిన్నె కింద పెట్టింది, పాప తనంతట తనే చేతులు ముంచింది. కుర్చీ ఇప్పుడు గది వైపు తిరిగి ఉంది. కూర వడ్డిస్తుంటే పాప నా గిన్నెలోంచి చేప ముక్క తీసింది. ముళ్ళు చూశానో లేదో గుర్తురాక నా చెయ్యి దాని నోటి దగ్గరికి వెళ్ళబోయింది.

పాప ముక్కని నోట్లో పెట్టుకోలేదు. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కింది. ఒకవైపు, మళ్ళీ రెండోవైపు. అచ్చం ఆంటీలా పెదవులు బిగించి చూసింది. ఏమీ లేదని తేలాక తినేసింది, ఇంకోదాని కోసం నా గిన్నెలోకి వంగింది.